దూరపు చేపలవేటకు బండి యెన్నిక – డీజిలు లెక్క

పెద్దలారా,

పామిడి ప్రక్కన పెన్న పారుచున్నదని భూగోళ పుస్తకములు చెప్పును. ఆ పెన్న సంవత్సరమున పెక్కు మాసములు ఇసుకగానే యుండునని పామిడివారికి వేరుగ చెప్పనక్కరలేదు. కర్ణాటకమున నందికొండల ప్రాంతమున జనించి, 597 కిలోమీటర్లు పయనించి, నెల్లూరు సీమలో సముద్రమును గలియు నదియే యైనను, మన మెట్టభూమిలో దానికి నీరు వానదేవుని దయ. అనంతపురము జిల్లాలో సాలుకు కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదియు ఏటేట నమ్మదగినది కాదు. చెరువు నిండిన యేడు చేప ఊరిలోనే దొరకును. ఎండిన యేడు చేప యున్న చోటికి మనుష్యుడు పోవలసినదే.

నీరు నిలుచు తావులు లేకపోలేదు. పెనకచర్ల కడ మధ్య పెన్న జలాశయము మనకు సమీపము. తుంగభద్ర ఎగువ కాలువ నీటిని పొందు పెన్న అహోబిలము జలాశయము దానికి ఎగువన కలదు. హంద్రీ–నీవా పథకమువలన కృష్ణాజలములు చేరు జీడిపల్లి జలాశయము మరియొకటి. ఇంకను దూరము పోదలచినవారికి కడప జిల్లాలో పెన్నమీదనే గండికోట కలదు. కృష్ణమీద శ్రీశైలము కలదు. బొచ్చె, శీలావతి మొదలగు చేపలు పెరుగు నీళ్లివి. అయితే వలయు, పుట్టియు, ఐసుపెట్టెలును మోసికొని పోయి, పట్టిన చేపను చెడకుండ గుత్తి, గుంతకల్లు, అనంతపురము సంతలకు చేర్చుటకు బండి కావలెను.

ఇట్టి బండి కొందమని ఊరి పడుచువారు పూనుకొందురు. బ్యాంకు ఋణమునకు హామీ సంతకము చేయుడని మీ యింటికి వత్తురు. వాయిదా తప్పినచో బ్యాంకువారు మొదట వారి గడపయు, తరువాత మీ గడపయు త్రొక్కుదురు. కావున బండి యెన్నిక వారి పని మాత్రమే కాదు. మీ పనియు నగును. ఎద్దును కొనునపుడు పండ్లు చూచి, సుడులు చూచి, గిట్టలు చూచి, నాలుగడుగులు నడిపించి గాని మనము బయానా ఇయ్యము. అంతకు పదింతల వెలగల బండిని రంగు చూచి, అమ్మువాని మాట విని కొనుట తగునా? సంతకమునకు ముందు ఏమేమి అడుగవలెనో, ఏ లెక్క వేయింపవలెనో నేడు విచారింతము.

ముందుగా డీజిలు సంగతి. ఈ యంత్రమును కనుగొన్నవాడు రుడోల్ఫు డీసెలు అను జర్మను దేశీయుడు. గాలిని మిక్కిలి గట్టిగ నొక్కినచో అది కాగును. ఆ కాగిన గాలిలోనికి నూనెను చిమ్మినచో నిప్పురవ్వ లేకయే మండును. ఇదియే అతని యంత్రపు మర్మము. 1897లో అతని యంత్రము చక్కగ పనిచేసినది. 1900లో పారిసు నగరమున జరిగిన మహాప్రదర్శనములో ఇట్టి యంత్రమొకటి వేరుసెనగ నూనెతో నడచినది. వేరుసెనగ పండించు మన జిల్లావారికి ఈ మాట వినసొంపుగా నుండును గాని, నేటి సున్నితమైన యంత్రములలో వేరుసెనగ నూనె పోసి ప్రయోగము చేయరాదు, యంత్రము చెడును. మనకు వలసిన సారమొక్కటే: గాలిని అంతగ నొక్కుటచేత డీజిలు యంత్రము పెట్రోలు యంత్రముకంటె తక్కువ నూనెతో ఎక్కువ బరువు లాగును. బరువు మోయు బండ్లకు డీజిలు అలవాటగుటకు కారణమిదియే.

ఆ డీజిలు ధర పూర్వము ప్రభుత్వము నిర్ణయించెడిది. 2014 అక్టోబరులో ఆ నిర్ణయము తొలగెను. 2017 జూను 16వ తేదినుండి ఏ రోజున కా రోజు ధర మారుటకు వీలు కలిగెను. ఇది గాక రాష్ట్రముల పన్నులు వేరువేరు. అందుచే ఆంధ్రమున నొక ధర, సరిహద్దు దాటి బళ్లారి సీమలో నొక ధర యుండును. కావున రాబోవు అయిదేండ్లకు డీజిలు ధర యింతయని యెవ్వరును చెప్పజాలరు. బండి లెక్క వేయునపుడు నేటి ధరతో నొకమారు, దానికి పదిరూపాయలు హెచ్చించి మరియొకమారు వేయింపుడు. రెండవ లెక్కలో నిలువని బండి మొదటి లెక్కలో లాభము చూపినను నమ్మరాదు.

ఇక బండి పరిమాణము. మనయెడ చేపలకు వాడదగినవి మూడు తరగతులు. ఇంచుమించు ముప్పాతిక టన్ను మోయు చిన్నబండి మొదటిది. టాటావారు 2005లో విడుదల చేసిన ఏస్ అను బండి ఈ తరగతిలోనిది. దానిని హిందీవారు ‘ఛోటా హాథీ’ అనగా చిన్న ఏనుగు అని ముద్దుగా పిలుతురు. టన్నున్నర వరకు మోయు పికప్పు బండి రెండవది. రెండున్నర టన్నులు మోయు చిన్న లారీ మూడవది. ఏనుగును కొనుటకంటె మేపుట కష్టమని మన పెద్దలు చెప్పిరి. ఏనుగు చిన్నదైనను మేత మేతయే గదా! ఆ మేత యెంతయో ఇపుడు చూతము.

లెక్క సులువుగ నుండుటకు కొన్ని సంఖ్యలను మనమే అనుకొందము. రానుపోను 240 కిలోమీటర్ల వేట. డీజిలు లీటరు 100 రూపాయలు. చిన్నబండి లీటరుకు 16 కిలోమీటర్లు నడచిన 15 లీటర్లు, అనగా 1,500 రూపాయలు. పికప్పు 12 కిలోమీటర్లు నడచిన 20 లీటర్లు, 2,000 రూపాయలు. చిన్న లారీ 8 కిలోమీటర్లు నడచిన 30 లీటర్లు, 3,000 రూపాయలు. ఇంతవరకు లెక్క అమ్మువాడును చెప్పును. అసలు ప్రశ్న దీని తరువాత కలదు: ఇంటికి వచ్చిన కిలో చేపకు డీజిలు ఎంత పడినది?

వేటలో 250 కిలోల చేప దొరకినదనుకొనుడు. దానికి సమతూకము ఐసు, పెట్టెలు, వలలు కలిపి 600 కిలోలు. చిన్నబండికి సరిపోవును. కిలో చేపకు చిన్నబండిలో 6 రూపాయలు, పికప్పులో 8 రూపాయలు, లారీలో 12 రూపాయలు డీజిలు పడును. 500 కిలోలు దొరకినచో చిన్నబండి రెండుమారులు తిరుగవలెను గనుక దాని ఖర్చు 6 రూపాయలుగనే నిలుచును. పికప్పున 4 రూపాయలు, లారీన 6 రూపాయలు. వెయ్యి కిలోలు దొరకిన దినమున లారీయే రాజు: కిలోకు 3 రూపాయలు మాత్రమే. మరి 100 కిలోలే దొరకిన దినమున? చిన్నబండికి 15 రూపాయలు, పికప్పునకు 20 రూపాయలు, లారీకి 30 రూపాయలు! చేపలు తగ్గినను లారీ మేత తగ్గదు.

దీనివలన తేలిన సూత్రము వినుడు. బండి ఎంత మోయగలదని చూచి కొనరాదు. మన వల ఎంత తెచ్చునో చూచి కొనవలెను. అందును నీళ్లు నిండిన యేటి పట్టును చూచి కాదు, కరవుయేటి పట్టును చూచి కొనవలెను. అయిదేండ్లలో రెండుమూడేండ్లు వాన తప్పు సీమ మనది. మంచి యేటికి తగిన పెద్దబండి చెడ్డ యేట ఇంటిని తినివేయును. చెడ్డ యేటికి తగిన చిన్నబండి మంచి యేట రెండుమారులు తిరుగును. లేదా ఆ నాలుగు దినములకు కిరాయిబండి సహాయము చాలును.

ఇంకొక లెక్క దీనికంటె ముఖ్యము. డీజిలు మానుకొనదగిన ఖర్చు. వేటకు పోనినాడు డీజిలు లేదు. బ్యాంకు వాయిదా మానుకొనరానిది. నెలకు 18,000 రూపాయల వాయిదా, భీమా, మరమ్మతులు, టైర్ల అరుగుదలకు 6,000 రూపాయలు, మొత్తము 24,000 రూపాయలు అనుకొందము. నెలకు ఆరు వేటలైన వేటకు 4,000 రూపాయలు. మూడే వేటలైన 8,000 రూపాయలు. డీజిలు 2,000 రూపాయలని మనము కంగారుపడుచుండగా, కదలక నిలిచిన బండి దానికి నాలుగింతలు తినుచున్నది. ఆ 240 కిలోమీటర్లకు డీజిలుతో గూడ కిరాయిబండి 4,800 రూపాయలకు దొరకునేని, సొంత పికప్పుకు డీజిలు 2,000 పోగా మిగులునది వేటకు 2,800 రూపాయలు. 24,000ను 2,800చే భాగింపగా ఎనిమిదిన్నర. అనగా నెలకు తొమ్మిది వేటలకు తక్కువ పోవువారికి కిరాయిబండియే మేలు; తొమ్మిదియు ఆపైనను పోగలవారికే సొంతబండి. మీ ఊరి వాయిదాను, మీ ఊరి కిరాయిని ఈ సంఖ్యల స్థానమున పెట్టి పిల్లలచేత లెక్క వేయింపుడు. ‘నెలకు ఎన్ని వేటలు పోయెదరు? కరవుయేట ఎన్ని?’ అని యడుగుడు. జవాబు తడబడినచో సంతకము కొన్నాళ్లు ఆపుడు.

బండి తరువాత బరువు సంగతి. చేపలబండిలో సగము బరువు ఐసు. ఇది ఎందులకో తెలిసిన తగ్గించు మార్గము దొరకును. ఒక కిలో ఐసు కరగునపుడు 80 కిలోకేలరీల వేడిని పీల్చును. కిలో చేపను ఒక డిగ్రీ చల్లార్చుటకు ఇంచుమించు 0.85 కిలోకేలరీ తీయవలెను. 30 డిగ్రీలనున్న 250 కిలోల చేపను సున్నకు దింపుటకు 6,375 కిలోకేలరీలు. దానికి సుమారు 80 కిలోల ఐసు చాలును. మరి సమతూకమని 250 కిలోలు ఏల మోయుచున్నాము? తక్కిన 170 కిలోలు చేపకొరకు కాదు. పెట్టెగోడలనుండి లోనికి జొరబడు మన యెండతో పోరాడుటకు. సన్నని పెట్టె, విరిగిన మూత, ఎండలో నిలిపిన బండి, ఈ మూడే ఆ ఐసును త్రాగును. మందమైన థర్మోకోలు గోడలుగల గట్టి పెట్టె కొని, పైన తడి గోనె కప్పి, రాత్రివేళ ప్రయాణము చేసినచో ఐసు తగ్గును, బరువు తగ్గును, డీజిలును తగ్గును. ఐసు జలాశయము దాపున దొరకునెడల పామిడినుండి మోసికొని పోనేల? అట్లని చేపమీద పిసినారితనము చేయరాదు. ఐసులేని చేప మన యెండలో ఒక్కదినము నిలువదు. చక్కగ ఐసులో నున్న మంచినీటి చేప పదిదినములకు పైగా నిలుచును. చెడిన చేపను మోసిన డీజిలు అంతయు వ్యర్థము.

పుట్టి సంగతియు నట్లే. వెడల్పైన పుట్టిని బండిమీద బోరగించి కట్టిన అది గాలికి తెరచాపవలె అడ్డుపడును. నమ్మకమైనవారు జలాశయపు గట్టున నున్నచో పుట్టిని అక్కడనే యుంచి, వలలు మాత్రము తెచ్చుకొనుట మేలు.

వేగమును గూర్చి ఒకమాట. మన పామిడి హైదరాబాదు–బెంగళూరు జాతీయ మార్గము 44 మీద నున్నది. రోడ్డు నునుపు, పడుచువారి కాలు బరువు. గాలి అడ్డు వేగముయొక్క వర్గమును బట్టి పెరుగును. అనగా 60 కిలోమీటర్ల వేగమునకంటె 80 కిలోమీటర్ల వేగమున గాలి అడ్డు ఇంచుమించు ఒకటి ముప్పాతిక రెట్లు. 120 కిలోమీటర్ల దారిలో ఈ తొందరవలన కలిసివచ్చునది అరగంట మాత్రమే. సంత తెల్లవారుజామున నుండగా ఆ అరగంట ముందుగ బయలుదేరిన సరిపోవును; డీజిలు మిగులును, ప్రాణమును మిగులును. టైర్లలో గాలి తగ్గిన బండి ఇసుకలో నడచు ఎద్దువలె ఈడ్చుకొనును. ప్రయాణమునకు ముందు టైర్లు చల్లగనున్నప్పుడే గాలి చూచుకొనవలెను. చేపలు తూచునంతసేపు యంత్రము ఆపక యుంచుట పైకమును పొగచేయుట.

చవక డీజిలు వెదకుచు పోవుటయందును లెక్క యుండవలెను. లీటరుకు 5 రూపాయలు తక్కువని 20 కిలోమీటర్లు ప్రక్కకు పోయి 40 లీటర్లు పోయించిన మిగులునది 200 రూపాయలు. రానుపోను 40 కిలోమీటర్లకు పికప్పునకు మూడు లీటర్లపైన, అనగా 300 రూపాయలకు మించి ఖర్చు. దారిలోనే చవక దొరకిన పోయించుకొనుడు. చవకకొరకు దారి మార్చకుడు.

బండి నిజముగా ఎంత ఇచ్చుచున్నదో తెలిసికొను పద్ధతి సులభము. టాంకు నిండుగ పోయించి కిలోమీటర్ల అంకె వ్రాసికొనవలెను. మరల నిండుగ పోయించినపుడు పట్టిన లీటర్లును, క్రొత్త అంకెయు వ్రాసి, నడచిన కిలోమీటర్లను లీటర్లచే భాగింపవలెను. ప్రక్కననే ఆ వేటలో వచ్చిన చేప తూకమును వ్రాయవలెను. ఒక పొడుగు నోటుపుస్తకము, ఒక పెన్సిలు చాలును. మూడు వేటలలో వరుసగ మైలేజి తగ్గినచో టైరో, బ్రేకో, గాలి వడపోతయో పిలుచుచున్నదని అర్థము. పాతబండి కొనునపుడును అమ్మువాని మాటపై నిలువక, బరువు వేసి ఇట్లే పరీక్షింపుడు. 2020 ఏప్రిలు 1వ తేదినుండి క్రొత్తగ వచ్చు బండ్లు బి.ఎస్. 6 నియమమునకు లోబడినవి. వానిలో పొగను శుద్ధిచేయు ఉపకరణము లుండును. వాని సంరక్షణకు ఖర్చెంతయో ముందే యడుగుడు. విద్యుత్తుతో నడచు చిన్నబండ్లును వచ్చినవి. పెనకచర్లవంటి సమీపపు జలాశయమునకు, రాత్రి ఇంటికడనే విద్యుత్తు నింపుకొనువారికి అవి యోచింపదగినవి; దారిలో నింపుకొను తావు లేని దూరపు వేటకు తగవు.

చట్టమును గూర్చి మూడు సంగతులు. మొత్తము బరువు 3,000 కిలోలు మించని సరకుబండికి మోటారు వాహన చట్టప్రకారము పర్మిటు అక్కరలేదు. పికప్పులలో కొన్ని ఈ హద్దునకు లోబడియుండును, కొన్ని దాటును. రిజిస్ట్రేషను పత్రమున చూచి కొనుడు. రెండవది: తేలికపాటి వాహనముల లైసెన్సుగలవాడు 7,500 కిలోలు మించని సరకుబండిని నడుపవచ్చునని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము 2024 నవంబరులో స్థిరపరచినది. మూడవది మిక్కిలి ముఖ్యము. వలలమీద పదిమందిని కూర్చుండబెట్టి తెచ్చుట మనయెడ వాడుక. సరకుబండిలో ఊరక ఎక్కిన ప్రయాణికునకు భీమా కంపెనీ బాధ్యత లేదని సుప్రీంకోర్టు 2002లో తీర్పు చెప్పినది. సరకు యజమానికి లేక అతని ప్రతినిధికి చట్టము రక్షణ నిచ్చును గాని, అదియు సీటులో కూర్చున్నవానికి గాని వెనుక గుట్టపై నున్నవానికి కాదని తలచి నడచుకొనుట క్షేమము. ప్రమాదము జరిగిన ఆ కుటుంబముల భారము బండి యజమానిమీదను, ఊరిమీదను పడును. మనుష్యులు బస్సులో, చేపలు బండిలో రావలెను.

సహాయము సంగతి. 2020 సెప్టెంబరులో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో ఐసుపెట్టెగల మోటారుసైకిలు, మూడుచక్రముల బండి, చలువగోడల బండి మొదలగువానికి సహాయము ఏర్పరచిరి. సామాన్యవర్గమువారికి యూనిటు వెలలో నూటికి 40 వంతులు, స్త్రీలకును షెడ్యూల్డు కులములు, తెగలవారికిని నూటికి 60 వంతులు ఆ సహాయపు పరిమితి. బయానా ఇచ్చుటకు ముందే అనంతపురములోని మత్స్యశాఖవారిని కలిసి, ఈ యేటికి ఏ పథకము నడచుచున్నదో, ఎవరికి చెల్లునో వ్రాతమూలముగ తెలిసికొనుడు. వేటాడదలచిన జలాశయమున అనుమతి తమకు కలదో లేదో అదియు అప్పుడే విచారింపవలెను. అనుమతి లేని నీటికి బండి కొనుట పెండ్లికూతురు కుదరకయే పందిరి వేయుటవంటిది. రాయితీ వచ్చునని పెద్దబండికి పోరాదు. రాయితీ ఒక్కమారు వచ్చును, డీజిలు ప్రతివేటకు పోవును.

పెద్దలారా, ఇంతవరకు చెప్పినదానిని అయిదు ప్రశ్నలుగ మూటగట్టెదను. కరవుయేట వల ఎంత తెచ్చును? కిలో చేపకు డీజిలు ఎంత పడును? నెలకు ఎన్ని వేటలు? అనుమతిపత్రము చేతనున్నదా? మనుష్యులు దేనిలో పోయెదరు? ఈ అయిదింటికి కాగితముమీద జవాబు వ్రాసి తెచ్చిన పిల్లవానికి నిస్సంశయముగ సంతకము చేయుడు. అట్టివాడు వాయిదా తప్పడు. జవాబు లేనివానిని కసరకుడు. ఒక నోటుపుస్తకమిచ్చి, మూడు నెలలు కిరాయిబండిలో పోయి లెక్క వ్రాసికొని రమ్మనుడు. ఆ మూడు నెలల లెక్కయే వానికి ఏ బండి తగునో, అసలు బండి తగునో తగదో చెప్పును. వాన మన చేతిలో లేదు, డీజిలు ధర మన చేతిలో లేదు. లెక్క మాత్రము మన చేతిలోనిదే. సెలవు.